భీమేశ్వరరావు గారి ఎలుక ఫైలు

చాలా ఊళ్లు తిరిగాను, చాలామందిని చూశాను గానీ, ఫైలు తెరవనిదే ఇంట్లో ఏ పనీ చెయ్యని మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన భీమేశ్వరరావు గారు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగం, ఆర్.కె. పురంలో రెండు గదుల క్వార్టరు. అందులో మేకు కొట్టాలన్నా అట్ట, దారం, విషయం, ఇంటిల్లిపాది అభిప్రాయాలు, ఆపైన ఆయన సంతకం. గోడలకు ఏ రంగు వెయ్యాలన్న ఫైలు ఇంట్లో తిరుగుతూండగానే గవర్నమెంటు వాళ్లొచ్చి తెల్ల సున్నం కొట్టేసి పోయారు.

డెబ్భై ఎనిమిది జనవరి. రెండు రోజులుందామని వెళ్లిన నేను దీపావళి నుంచీ అక్కడే ఉన్నాను. ఆ చలికాలం నేను బతికి బట్టకట్టానంటే వాళ్ల దూది రజాయి, ఆయన భార్య సీతారత్నం గారి మిరియాల చారు చలవే.

ఓ రోజు తెనాలి నుంచి రైల్లో వచ్చిన బియ్యం బస్తా విప్పుతూ ఆవిడ కెవ్వుమన్నారు. చిట్టెలుక! మర్నాటికి బోనులో పడింది.

"ఏవండీ, దీన్ని బయట పారేసి రండి!"

"పారెయ్యాలా, ఉంచాలా? ఫైలు పెడతాను."

"ఎలక్కి ఫైలేమిటండీ, మీ మొహం!"

"పాపా, రఖ్ లో నా! కిత్నా ఛోటా హై!" ఉంచేసుకుందాం, ఎంత చిన్నదో అని ఢిల్లీ హిందీలో బతిమాలింది కూతురు అరుంధతి.

"రాసివ్వమ్మా," అన్నారాయన.

సీతారత్నం గారు, "ఈ ఇంట్లో నేనుండాలో అదుండాలో తేల్చండి" అని రాశారు. అరుంధతి మీసాలతో సహా ఎలుక బొమ్మ వేసింది. నేను ప్రాచీన ఈజిప్టు ధాన్యపు కొట్ల దగ్గర మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసి, చివర అభిప్రాయం రాయడం మర్చిపోయాను.

ఫైలు వెనక్కొచ్చింది. "సదరు ఎలుక స్థానికమా, తెనాలిదా? ముందు తేల్చవలెను."

"దాన్నే అడగండి!" అన్నారావిడ.

ఆయన మూడు రోజులు పరిశీలించారు. "రొట్టె ముట్టదు. కందిపొడి అన్నం తినుచున్నది. తెనాలిదే." ఈలోగా బోను పక్కనున్న ఫైలు మూల ఎలుక కొరికింది. ఆయన దాని కింద, "సంబంధితులు చూచిరి" అని తేదీ వేశారు.

"ఆదివారం లోపల తేలకపోతే నేనే రోడ్డు మీద వదిలేస్తా!" అన్నారు సీతారత్నం గారు. ఆవిడ మాటంటే మాటే.

ఆదివారం పొద్దున ఆయనా నేనూ పాల బూత్ దగ్గర క్యూలో నిలబడ్డాం. పొగమంచుకి ముందున్న మనిషి కూడా ఆనడం లేదు.

"ఒక్క సంతకం పెట్టెయ్యరాదటండీ?" అన్నాను.

"ఈ చలిలో వదిలితే సాయంత్రానికి ఉండదండీ, లక్ష్మీపతి గారూ. వదలనంటే సీతకి కోపం. వంటిల్లు తనది, ఆ కోపంలో తప్పూ లేదు. ఫైలు మీదైతే ఎవరూ ఎక్కువసేపు కోపం పెట్టుకోలేరు."

ఇంటికెళ్లగానే ఇంకో ప్రశ్న రాశారు: "ఏ స్థలమున విడుచుట?"

సీతారత్నం గారు చదివారు. ఆయన్ని చూశారు, బోనును చూశారు. లోపలికెళ్లి పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి తెచ్చి బోనులోకి తోశారు. "మీ ఫైలు తేలేలోపు ఇది చచ్చి, ఆ పాపం నాకెందుకు!"

శివరాత్రి వెళ్లింది, చలి తగ్గింది. భీమేశ్వరరావు గారు ఒక్క నిమిషంలో "విడువవచ్చును" అని సంతకం పెట్టేశారు.

"ఇవాళ గాలి విసురుగా ఉందండీ," అన్నారు సీతారత్నం గారు. "ఎల్లుండి చూద్దురూ."

ఆ ఇంట్లో ఆయన ఫైలును ఇంకొకరు ఆపడం అదే మొదలు. ఆయన ముఖం వెలిగిపోయింది.

రెండ్రోజులాగి క్వార్టర్ల వెనక తుప్పల్లో బోను తలుపు తీశాం. ఎలుక కాసేపు ఆలోచించి, ఒక్క గెంతు గెంతి మాయమైంది. అరుంధతి చాలాసేపు చెయ్యి ఊపింది.

తిరిగొస్తుంటే నాకో అనుమానం వచ్చింది.

"భీమేశ్వరరావు గారూ, నా మీద కూడా ఫైలుందా?"

"నవంబరులోనే పెట్టానండీ."

"మరి?"

"కనబడటం లేదు."

ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఒక్క కాగితం పోగొట్టుకోని మనిషి!

"వెతికారా?"

"అలా ఎలా వెతుకుతామండీ?" అన్నారాయన, నన్ను ఇంటివైపు నడిపిస్తూ. "వెతకాలా వద్దా అని ఫైలు పెట్టాను. తిరుగుతోంది."