ఊది చూడని బొచ్చు

మొన్న మా మనుమరాలు కాలేజీ నుంచి ఒక కుందేలు పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, దాని వీపు మీద మెల్లగా ఊదింది. బొచ్చు విచ్చుకుని, వెంట్రుక మొదలున బూడిద, నడుమ పసుపు, కొసన నలుపు, మూడు వలయాలు కనబడ్డాయి. నేను వెంటనే అరచేత్తో ఆ బొచ్చును మూసేశాను.

పందొమ్మిదివందల ముప్పైలలో నేను తమిళనాట కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లు గుమాస్తాను. సరదాకు కుందేళ్ళు పెంచుతూ, ఏ జతకు ఏ రంగు పిల్లలు పుట్టాయో డైరీలో రాసుకునేవాణ్ణి. ఒకసారి నల్ల ఆడదాన్ని తెల్ల మగదానితో కలిపి, పిల్లలన్నీ నల్లనివే పుడతాయని మిల్లులో అందరికీ చాటాను. మాది నేతవాళ్ళ ఇల్లు కనుక, తెలుపంటే రంగెక్కని నూలు, నలుపులో ముంచితే నలుపే అవుతుందని నా నమ్మకం.

పుట్టిన మూడు వారాలకు ఏడు పిల్లలూ పొదల్లోని అడవి కుందేళ్ళలా గోధుమరంగు తేలాయి. "ఏం గుమాస్తా, నీ రంగు తొట్టిలో ఎవురు సెయ్యి పెట్టినారు?" అని మిల్లులో అంతా నవ్వారు. మా ఇంట్లోనే మగ్గం నేసే బావమరిదికి ఒక గోధుమరంగు మగ కుందేలు ఉండేది; అదే నా ఆడదాన్ని కలిసిందనుకున్నాను. ఆ సాయంత్రం డైరీలో 'దొంగ దొరికాడు' అని రాసి, తలుపు గడియకర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను.

"అక్క మీద ఆన బావా, నా సెవులపిల్లి గూడు దాటలేదు. ఊది సూడు, దానికి మొదలు నించి కొస దాకా ఒకే రంగు. వీటికి మూడుండాయి. ఒక్క తూరి ఊది సూడు" అన్నాడు.

నేను వంగలేదు. మొదటి దెబ్బకు అతని కుందేలు తల పగిలింది. రెండో దెబ్బకు అతను చేయి అడ్డం పెట్టాడు, ముంజేతి ఎముక ఎండిన పత్తికట్టెలా విరిగింది. అంతటితో ఆగక, పిల్లలను ఒక్కొక్కటే వెనక కాళ్ళు పట్టుకుని బట్టలుతికే బండకేసి కొట్టాను. నా భార్య చీర మీదంతా నెత్తురు చిందింది. ఆమె నా వంక చూడకుండా తమ్ముణ్ణి లేపి తీసుకుపోయింది. చేయి వంకరగా అతికి, అతను ఇక మగ్గం ఎక్కలేక, విరుదునగర్ మిరపకాయల మండీలో ఎడమచేత్తో బస్తాలకు గుర్తులు వేసే పనికి చేరాడు.

ఆ పంతంతోనే అదే జతను గదిలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మళ్ళీ గోధుమరంగు పిల్లలే పుట్టాయి. అప్పుడు ఊదాను. మూడు వలయాలు.

ఒకదాన్ని బుట్టలో పెట్టుకుని విరుదునగర్ వెళ్ళాను. అతను పిల్లను చూశాడు, నన్ను చూడలేదు.

"ఇప్పుడు ఊదినావా బావా" అని, వేరే బస్తా దగ్గరికి వెళ్ళిపోయాడు.

తెల్ల కుందేలంటే రంగు లేనిది కాదు, లోపల గోధుమరంగును దాచుకుని పిల్లలకు ఇవ్వగలదని ఈనాటి పిల్లలు పాఠంలో రెండు ముక్కల్లో చదివేస్తున్నారు. ఏ రంగు పిల్ల పుట్టినా ఇప్పుడు ఎవరూ గడియకర్ర వెతకరు. "నువ్వూ ఊదు తాతా" అంది మనుమరాలు. ఊదబోతే ఆయాసం వచ్చింది. గడియకర్ర పట్టుకున్న ఆ సాయంత్రం మాత్రం నా గుండెల నిండా ఊపిరి ఉండేది.