అన్నవరం వెళ్ళొచ్చిన వదిన

ఎదురు ఫ్లాట్ ఆవిడ నిన్న అన్నవరం నుంచి వచ్చి, ఆకు పొట్లంలో ప్రసాదం ఇచ్చి వెళ్ళింది. గోధుమనూక, బెల్లం, నెయ్యి కలిసిన ఆ వాసనకు నోరూరనివాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఉంటారా, నేనొక్కదాన్ని తప్ప! కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది పనమ్మాయికి ఇచ్చేశాను. దేవుడి మీద కోపం కాదు. ఆయనేం చేశాడు పాపం, ఏళ్ళ తరబడి మా ఇంటి అబద్ధాన్ని మోశాడు.

తొంభైల మొదట్లో నేను ఆత్రేయపురం పక్క పల్లెకు కోడలిగా వెళ్ళేనాటికే మా ఆయన అక్క, అంటే మా వదిన, కాపురం వదిలి పుట్టింటికి వచ్చేసి ఉంది. వదిలి అనడం మా అత్తగారి మర్యాద, నిజానికి ఆవిడ అత్తింటివాళ్ళే పంపేశారు. రాత్రీపగలూ నిద్ర లేకుండా, ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకుని కూర్చునేది. తాయెత్తులు, విభూతులు అన్నీ అయ్యాక, ఎవరో చెప్పగా మామగారు ఆవిడను వైజాగ్‌లో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఊళ్ళో మాత్రం అన్నవరం మొక్కు అని చెప్పారు. అన్నవరం వెళ్ళినవాళ్ళు ప్రసాదం పంచకపోతే మనవైపు ఎవరైనా ఊరుకుంటారా? అందుకని తిరుగు ప్రయాణంలో అన్నవరంలో దిగి, కొండెక్కకుండానే కిందే పొట్లాలు కొనుక్కుని, మరో బండెక్కి వచ్చేవారు. వాటిని ఇంటింటికీ పంచడం కొత్తకోడలిగా నా పని. అందరూ మా ఇంటి భక్తికి మురిసిపోయేవారు. చివరికి మా ఇంట్లో ఆ మందులకు కూడా అన్నవరం బిళ్ళలనే పేరు స్థిరపడిపోయింది.

పేరేదైతేనేం, బిళ్ళలు పనిచేశాయి. వదిన నిద్రపోయింది, తన జడ తనే వేసుకుంది, మా పెద్దపిల్లను ఒళ్ళో వేసుకుని పాలు పట్టింది, పూతరేకులు చుట్టడానికి కూర్చుంటే అత్తగారు కూడా ఆవిడ ముందు దిగదుడుపే. మానకుండా వాడితే మామూలు మనిషివవుతావని డాక్టరు గారు అన్నారట. ఆ మాట ఆవిడ నాకు పండగ కబురులా మళ్ళీ మళ్ళీ చెప్పేది.

అంతలో మా మరిదికి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి మా హాల్లో కూర్చుని, మర్యాదకు వదినను పలకరించాడు, స్వామి దర్శనం బాగా అయిందా అమ్మా అని.

"నేను కొండెక్కలేదండి. వైజాగ్‌లో మనసు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళొస్తున్నానండి. మందులేసుకుంటున్నాను కదండీ, ఇప్పుడు బానే నిద్రపడుతుందండి," అంది వదిన, జ్వరం తగ్గిందని చెప్పినంత నిమ్మళంగా.

మామగారు గబుక్కున లేచారు. "దాని మాటలు పట్టించుకోకండి, దానికి కాస్త పిచ్చండి!"

డాక్టరు దగ్గరికి వెళ్తోందన్న సంగతి దాచడానికి కన్నతండ్రే ఆవిడను పిచ్చిదనేశాడు. అంతా విన్నాక ఆ సంబంధం ఎలాగూ నిలవలేదు. దాంతో వైజాగ్ ప్రయాణాలు ఆగిపోయాయి, బిళ్ళలూ ఆగిపోయాయి. మా ఆయనా నేనూ ఎంత చెప్పినా మామగారు వినలేదు. వదిన కొన్నాళ్ళు ఆయన వెనకాలే తిరుగుతూ, అన్నవరం ఎప్పుడెళ్దాం నాన్నా అని అడిగేది. అసలు పేరు చెబితే ఏమయిందో చూసింది కదా, మా మాటలోనే అడిగింది పిచ్చితల్లి. తర్వాత అడగడం మానేసి, మళ్ళీ చెవులు మూసుకుంది. జుట్టు నెరవకముందే ఆ వెనక గదిలోనే పోయింది.

ఇప్పుడు రాజమండ్రిలో ఆ డాక్టర్ల బోర్డులు బస్సులోంచే కనిపిస్తున్నాయి, కాలం మారిందని మన ఈడువాళ్ళమంతా అనుకుంటున్నాం. మొన్న మా చిన్నమ్మాయి నిద్రపట్టక దిగులుగా ఉంటోందని, సైకియాట్రిస్టుకు చూపించుకుంటానంటే మా ఆయన వెంటనే వెళ్ళమన్నారు, కావాలంటే నేను తోడొస్తానన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే గొంతు తగ్గించి, మీ అత్తగారింట్లో మాత్రం చెప్పకమ్మా అన్నారు. అమ్మాయి కూడా అదేదో మామూలు మాటైనట్టు తలూపింది. నాకు ఏడుపొచ్చింది.