కరుణమ్మ టీచర్ కాళ్లలోని కణాలు

ప్రయోగశాల పక్క గదిలో ఎవరో ఉడకబెట్టిన పల్లికాయల పొట్లం విప్పారు. ఉప్పునీళ్లలో నానిన పొట్టు వాసన, దాని వెనకాలే పచ్చి మట్టి వాసన తలుపు దాటి నా బల్ల దాకా వచ్చాయి. నా ముందున్న తెర మీద ఒక ఎలుక తొడ కండరపు స్కానింగ్ బొమ్మ ఉంది. దాన్నే చూస్తున్నాను గానీ, నాకు కనిపించింది మాత్రం వనపర్తిలో మా బడి వరండా, గోడకు ఒక చేయి ఆనించి మెల్లగా నడిచి వస్తున్న కరుణమ్మ టీచర్.

ఆమె మాకు జీవశాస్త్రం చెప్పేవారు. ఆమెది గట్టు అనే ఊరు. అమ్మానాన్నలు కూలికి, వానలు పడని ఏడాది వలసకు పోయి ఆమెను చదివించారు. నాది శ్రీరంగాపూర్ దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు; వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. నేను ఆమె తరగతిలోకి వచ్చేసరికే టీచర్ తొడల్లో కండ కరగడం మొదలైంది. జన్యువులో పుట్టుకతోనే ఉన్న లోపం, వయసు వచ్చాక బయటపడింది. కింద పడిన సుద్దముక్క తీయాలంటే ఆమె నేల మీద కూర్చుని, తర్వాత తన మోకాళ్లను, తొడలను చేతులతో నొక్కి పట్టుకుంటూ, తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేచేవారు. ఒకరోజు అలా లేస్తుంటే వెనక బెంచీలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. టీచర్ కోపగించుకోలేదు.

"నవ్వితే నవ్వినవ్ గానీ, మంచిగ చూసినవా? మళ్లొకసారి లేస్త. ఏ కండ పని చేస్తలేదో చెప్పు" అని మళ్లీ కూర్చున్నారు.

ఆ పిల్ల బోర్డు దగ్గరికి వచ్చి, టీచర్ తొడ మీద వేలు పెట్టి, ఇక్కడ అని చెప్పింది. సరిగ్గానే చెప్పింది. తన రోగాన్ని అంత ఆసక్తిగా, ఎవరిదో వింత వస్తువును చూసినట్టు చూసే మనిషిని నేను అంతకుముందు ఎరగను.

నేను ఇంటర్‌లో ఉండగా టీచర్ తమ్ముడు, మూలకణాల వైద్యం ఉందని ఎవరో చెబితే విని, ఆమెను పెద్ద నగరానికి తీసుకుపోయాడు. మూలకణాలంటే అవసరాన్ని బట్టి వేరే రకం కణాలుగా మారగలిగేవి. అక్కడ ఆమె ఎముక మజ్జలోంచి వాటిని తీసి, తొడల్లోకి సూదులతో ఎక్కించారు. ఆమె తిరిగి వచ్చిన తర్వాత చూడటానికి వెళ్లాను. ఇల్లంతా చుట్టాలు. వాళ్లు పోయేదాకా ఆగి, ఎట్లుంది టీచర్ అని అడిగాను.

"నడక మారిందని మా తమ్ముడంటుండు. చర్చి నుంచి వచ్చినోళ్లు గూడ గట్లనే అంటున్నరు. నాకైతే తెల్వదు. సూదులతోని వేసిన కణాలు ఏడికి పోయినయి సార్, ఉన్నయా లేవా అని డాక్టర్‌ను అడిగిన. నమ్మకం ఉంచండమ్మా అన్నడు. నమ్మకానికి నాకు చర్చి ఉంది గదా! నేనడిగింది గది కాదు."

ఉన్నట్టుండి నన్నే అడిగారు.

"మీ నాయన పల్లి వేస్తడు గదా. ఊడలు భూమిలకు దిగినంక కాయ పట్టిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"ఒక చెట్టు పీకి చూస్తడు టీచర్."

"నన్ను గట్ల పీకి చూడలేరు గదా. పీకకుండ చూసే ఉపాయం ఏమన్న ఉంటదా?"

ఆ ప్రశ్న నాతోపాటు హాస్టల్‌కు వచ్చింది, ఆ తర్వాత డిగ్రీకి, హైదరాబాదులో పరిశోధనకు కూడా వచ్చింది. వెతకగా వెతకగా, శరీరంలోకి పంపిన మూలకణాలను కోయకుండా బయటి నుంచే చూసే పని చేస్తున్న ప్రయోగశాల దొరికింది. కణాలకు కంటికి ఆనని ఇనుప రజను పట్టించి ఎలుక కండలోకి పంపుతాం. ఎంఆర్ఐ బొమ్మలో ఇనుము ఉన్నచోట నల్లటి మచ్చ పడుతుంది. నా మొదటి మచ్చ పడ్డ వారమే బస్సెక్కి వనపర్తి పోయాను.

అప్పటికి టీచర్ చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆ బొమ్మను కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ నల్లగున్నవే టీచర్, మనం పంపిన కణాలు" అన్నాను.

"కనబడేది కణమా, ఇనుమా?"

"ఇనుము."

"మరి కణం చచ్చిపోతే ఇనుము ఏడికి పోతది?"

చచ్చిన కణాలను ఊడ్చే కణాలు మన ఒంట్లో ఉంటాయి. అవి ఆ ఇనుమును కూడా మింగి అక్కడే ఉండిపోవచ్చు. అప్పుడు మచ్చ ఉంటుంది, మనం పంపిన కణం ఉండదు. ఈ సంగతి మా రంగంలో అందరికీ తెలిసిందే, నేనూ చదివాను. కానీ చదవడం వేరు, ఆ కణాలు ఎక్కించుకున్న మనిషి నోట వినడం వేరు. తిరిగి వచ్చి అదే కండను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఇనుము చాలావరకు ఊడ్చే కణాల్లోనే ఉంది.

ఆ తర్వాత మరో దారి పట్టాం. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే జన్యువు ఉంటుంది. దాన్ని మూలకణాల్లో పెట్టి పంపితే, బతికున్న కణం మాత్రమే వెలుగుతుంది. చీకటి పెట్టెలో ఎలుకను ఉంచి కెమెరాతో చూస్తే తొడ మీద చిన్న వెలుగు. ఫోన్‌లో చెబితే టీచర్ చిన్నపిల్లలా కేరింతలు కొట్టారు. రెండో రోజే మళ్లీ ఫోన్ చేసి, మనుషులకు గూడ గట్ల చూడొచ్చా అని అడిగారు. మన ఒళ్లు మందం టీచర్, అంత లోతు నుంచి ఆ వెలుగు బయటికి రాదన్నాను. నిరుత్సాహపడలేదు, ఇంకేం దారులున్నయని అడిగారు. కొన్ని వారాలకు ఎలుక తొడలో వెలుగు తగ్గిపోయింది. ఆ మాట చెప్పకుండా నేను రోజులు నెట్టాను. ఆమే ఫోన్ చేసి అడిగారు.

"చీకటయిందా?"

"పూర్తిగ కాలే టీచర్. ఒక మూలకు జర మిగిలింది."

"నాకు వేసినయి గూడ గట్లనే ఆరిపోయినయేమో" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "మిగిలినదానికి ఆ మూలల ఏం దొరికిందంట? గదేందో చూడు ముందు" అన్నారు. ఆ మూలలో కణాలు ఎందువల్ల బతికాయో వెతకడం, ఇప్పటికీ మా పని అదే.

చివరిసారి ఆమె ఇంటికి పోయినప్పుడు గట్టు నుంచి పద్మ అనే అమ్మాయి వచ్చి ఉంది. ఆమె భర్త పుణెలో కట్టడం పనికి పోయి, కాళ్లు పట్టు తప్పి ఇంటికి వచ్చేశాడు. అతనిదీ టీచర్ లాంటి జబ్బే. సూదులు వేయించడానికి అతన్ని నగరానికి తీసుకుపోవాలని ఇంట్లోవాళ్లు నిశ్చయించారు.

"అక్కా, సూదులేస్తే లేసి నడుస్తడా?" అని పద్మ నన్ను అడిగింది.

ఈ వైద్యం ఇంకా పరీక్షల దశలోనే ఉందనీ, పనిచేస్తుందని రుజువు కాలేదనీ, ఏవేవో చాలా చెప్పాను. ఆమె తల వంచుకుని వింది. ఆమెకు ఏమీ అందలేదని నాకూ తెలుస్తోంది. టీచర్ కుర్చీలోంచి నావైపు తిరిగారు. అప్పటికే ఆమెకు మాట మాటకూ ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

"నీకు తెలిసింది చెప్పినవ్. తెల్వనిది గూడ చెప్పు. చెప్పి లేసి పోకు, కూసో."

నేను పద్మ పక్కన చాప మీద కూర్చున్నాను. "అవి మీ ఆయన కండల బతుకుతయో లేవో నాకు తెల్వదు పద్మా. చూసి చెప్పెటోళ్లు ఇంకా ఎవ్వరూ లేరు" అన్నాను.

పద్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక, "మరి ఇప్పుడు నేనేం చేయాలె?" అంది. అక్కడి నుంచి అసలు మాటలు మొదలయ్యాయి. కాళ్లు బిగుసుకుపోకుండా రోజూ ఎలా సాగదీయాలో, మనిషిని ఎలా లేపితే పద్మ నడుము పట్టదో, ఊపిరి బలం ఏ దవాఖానలో చూపించుకోవాలో టీచర్ చెబుతుంటే, నేను నా కాళ్లు చాపి చేసి చూపించాను. పొద్దు వాలేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం. వాళ్లు నగరానికి పోలేదు. అతని కాళ్లు బాగుపడలేదు. గట్టులో కూర్చుని సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు.

ఆ వానాకాలంలోనే ఊపిరి కండరాలు కూడా అలిసిపోయి టీచర్ పోయారు.

ఇప్పుడు నన్ను వెతుక్కుంటూ మా వైపు నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మొన్న నాగర్‌కర్నూల్ నుంచి ఒక తండ్రి కూతురి కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని వచ్చాడు. తెలిసింది చెప్పాను. తెలియనిదీ చెప్పాను. ఆయన ఆ కాగితాలను ఒక్కొక్కటే మళ్లీ సంచిలో సర్దుకుంటూ కూర్చున్నాడు. ప్రయోగశాల లోపలి నుంచి ఎవరో నన్ను పిలిచారు. ఆయన లేచేదాకా నేను లేవలేదు.