ఫ్రిజ్‌లో కారు తాళాలు

మా ఇంట్లో షూటింగ్ అంటే మొట్టమొదట చేసే పని ఏసీ ఆపేయడం. ఎడారి ఊరైన మా చాండ్లర్‌లో జూన్ నెలలో ఏసీ ఆపేయడమంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. రెండో పని ఫ్రిజ్ ఆపేయడం. రెండింటి రొదా మైకులో పడుతుందని మా ఆయన గోల. మొదటిసారి షూటింగ్ అయ్యాక ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాం. పాలు, పెరుగు, వారానికి సరిపడా రుబ్బి పెట్టుకున్న ఇడ్లీ పిండి, అన్నీ పాడైపోయాయి. నేను చేసిన రభసకి భయపడి మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫ్రిజ్ ఆపగానే కారు తాళాలు అందులో పెట్టేయాలి. ఈ ఊళ్లో కారు లేకుండా ఉప్పు ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం కదా. తాళాల కోసం ఫ్రిజ్ తెరుస్తాం, లోపల లైటు వెలగదు, స్విచ్ గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి అది మా ఇంటి ఆచారం అయిపోయింది.

మా ఆయన వారంలో ఐదు రోజులు చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. మిగతా రెండు రోజులూ డైరెక్టరు. ఆ రెండు రోజులూ నాకు మొగుడు లేడనే లెక్క.

మొదటి సినిమాకి బడ్జెట్ అనేదే లేదు. ఉన్నవి ఒక ఫోను, మా ఇల్లు, మా మామయ్య గారు. అత్తయ్య పోయాక ఆయన మా దగ్గరికే వచ్చేశారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, గొంతు విప్పితే వెనక బెంచీ దాకా వినపడేది. పారితోషికం అడగని నటుడు ఆయనొక్కరే కాబట్టి హీరో అయిపోయారు. ట్రైపాడ్ కొంటానంటే నేను ససేమిరా ఒప్పుకోలేదు. దాంతో వంటింటి స్టూలు మీద బియ్యం బస్తా పెట్టి, దాని నడినెత్తిన గుంట చేసి, అందులో ఫోన్ నిలబెట్టాడు. సినిమా మొత్తం ఆ బస్తా ఎత్తులోనే నడిచింది. కెమెరా కదలదు. కదిలితే ఫోను బియ్యంలో పడుతుంది. లైట్లు లేవు కాబట్టి గ్యారేజ్ తలుపు సగం ఎత్తి, ఆ సందులోంచి వచ్చిన ఎండతోనే మొహాలు చూపించాడు.

కథ ఏమంత పెద్దది కాదు. కొడుకు కొత్తగా కొన్న ఇంటికి తండ్రి వస్తాడు. కొడుకు గదులన్నీ తిప్పి చూపిస్తాడు. ఇది ఆఫీస్ రూమ్, ఇది గెస్ట్ రూమ్, ఇది ప్లే రూమ్ అంటాడు. చివర్లో తండ్రి హాల్లో నిలబడి, "ఇల్లు బావుందిరా. ఇందులో నా గది ఏది?" అంటాడు. అంతటితో అయిపోతుంది. కొడుకు వేషం పక్క వీధి స్నేహితుడు వేశాడు.

ఆ చివరి మాట మామయ్య గారికి ఎంతకీ వచ్చేది కాదు. "ఇల్లు బావుందిరా" అనేవారు, అక్కడ ఆగిపోయేవారు. పెదవి కదిలేది, మాట వచ్చేది కాదు. "కెమెరా అంటే భయం నాన్నకి" అన్నాడు మా ఆయన. నేనూ అదే అనుకున్నాను. వంటింటి గట్టు వెనక కింద కూర్చుని మాట అందించే పని నాకు పడింది. ఆయన ఆగిపోయి మెల్లగా నావైపు చూసేవారు. చూపులో బెరుకు, కాస్త బతిమాలడం. నేను గుసగుసగా అందించగానే వెంటనే అటు తిరిగి, నిటారుగా నిలబడి, ఆ మాట అనేసేవారు. అయ్యాక కొడుకుని ఆట పట్టిస్తూ, "ఓకేనా, డైరెక్టర్ గారూ?" అనేవారు.

"వన్ మోర్, నాన్నా."

"ఇంకోటా? రేయ్, ఉడికిపోతున్నాంరా!"

"లాస్ట్, నాన్నా. ప్రామిస్."

ఆ లాస్ట్ ఎప్పటికీ లాస్ట్ కాదు. వన్ మోర్ అనడానికి మాకు అయ్యే ఖర్చల్లా చెమటే. సాయంత్రం దాకా వన్ మోర్‌లు నడిచేవి. ఏసీ ఆపి, ఫ్రిజ్ ఆపి, ఇంత చేసినా చివరికి సౌండ్‌లో నా గుసగుస పడిపోయింది. చేసేదిలేక డబ్బింగ్ పెట్టారు. ఎక్కడంటే, నా బట్టల క్లోజెట్‌లో. గుడ్డలుంటే గొంతు మార్మోగదట. పట్టుచీరల మధ్య పీట వేసుకుని కూర్చుని, మామయ్య గారు కాగితంలో చూసి చక్కగా చదివేశారు. బయటికొస్తూ, "అమ్మాయ్, ఇన్ని చీరలు ఎప్పుడు కడతావు?" అన్నారు. "మీ అబ్బాయి నన్ను ఎక్కడికైనా తీసుకెళ్తే కదా మామయ్యా" అన్నాను.

సినిమా చూసినవాళ్లంతా ఆ ఆగడం గురించే మాట్లాడారు. మాటకీ మాటకీ మధ్య ఎంత బరువుందో అన్నారు. తండ్రి చూపు పక్కకి మళ్లడం చూసి ఏడుపొచ్చిందన్నారు. ఆ పక్కన వంటింటి నేల మీద చెమటలు కక్కుతూ కూర్చున్నది నేను! "మీ డైరెక్షన్‌లో సైలెన్స్ ఉందండీ, అది మీ స్టైల్" అని ఎవరో అంటే మా ఆయన ఆ మాట గుండెకి హత్తుకున్నాడు.

రెండో సినిమాకి స్నేహితులు తలో చెయ్యి వేశారు. రెండు లైట్లు, ఒక మంచి మైకు అద్దెకి తెచ్చారు. నిజం ట్రైపాడ్ వచ్చింది. అయినా మా ఆయన దాని కాళ్లు కుదించి బియ్యం బస్తా ఎత్తుకే దించాడు. అలవాటైపోయింది, ఆ ఎత్తులోంచి చూస్తేనే ఇల్లు ఇల్లులా కనిపిస్తుందన్నాడు. ఈసారి సైలెన్స్ ముందే రాసుకున్నాడు. ఇక్కడ ఆగాలి, ఇక్కడ పక్కకి చూడాలి అని. రాయని చోట్ల కూడా మామయ్య గారు ఆగిపోతున్నారు. ఇప్పుడు నేను అందించినా రెండు మాటలకి మించి నిలవడం లేదు. మా ఆయన కాసేపు తల పట్టుకుని, తర్వాత తండ్రిని అటు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి తీశాడు. మెడ, భుజాలు, వెనక్కి కట్టుకున్న చేతులు. మొహం కనపడదు కాబట్టి మాట తర్వాత క్లోజెట్‌లో అతికించుకోవచ్చు. దానికి ఇంకా ఎక్కువ పేరొచ్చింది. మొహం చూపించకుండా మనిషిని చూపించాడన్నారు.

"మీ నాన్న మర్చిపోవడం నీ స్టైల్ ఏంటయ్యా?" అని నేను వేళాకోళం చేశాను. అందరం నవ్వాం. మామయ్య గారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఆ రోజుల్లోనే ఫ్రిజ్‌లో వస్తువులు కనపడటం మొదలైంది. షూటింగ్ లేని రోజున కూడా కూరగాయల అరలో ఆయన కళ్లజోడు. ఇంకో రోజు టీవీ రిమోట్. ఒకసారి గోంగూర కట్టల కింద ఆయన చేతి గడియారం. నాకు నవ్వాగలేదు. "మామయ్యా, ఇవాళ షూటింగ్ లేదు, మీ డైరెక్టర్ గారు ఆఫీస్‌కి వెళ్లారు" అన్నాను. ఆయన ఒక్క క్షణం తెల్లమొహం వేసి, తర్వాత "ఆ ఆ, మర్చిపోయాను" అని నవ్వేశారు. ఇంకే ఇంట్లోనైనా అత్తగారో కోడలో ఆ రోజే కంగారుపడి ఉండేది. మా ఇంట్లో ఫ్రిజ్‌లో కారు తాళాలు ఉండటం మామూలే కాబట్టి కళ్లజోడు కూడా మామూలే అయిపోయింది.

ఒకరోజు వాకింగ్‌కి వెళ్లి, మా వీధిలోనే, మా ఇంటిలాంటి ఇంటి ముందు నిలబడి తలుపు కొడుతూ ఉండిపోయారు. అప్పుడు తీసుకెళ్లాం డాక్టర్ దగ్గరికి. ఆవిడ చాలా నెమ్మదిగా అడుగుతూ వచ్చింది. మాట మధ్యలో ఆగిపోతున్నారా? వస్తువులు సంబంధం లేనిచోట పెడుతున్నారా, ఫ్రిజ్‌లో గానీ, ఓవెన్‌లో గానీ? మా ఆయన నావైపు చూశాడు. నేను నేల చూశాను. ఆవిడ ఆ మతిమరుపు జబ్బు పేరు చెప్పి, ఇది చాలా రోజులుగా ఉన్నట్టుందే, ఎవరూ గమనించలేదా అంది.

గమనించాం తల్లీ, ముందు నుంచీ వెనక నుంచీ గమనించాం. జనాన్ని కూర్చోబెట్టి చూపించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాం. ఆ మాట ఆవిడతో అనలేదు. కార్‌లో ఇంటికి వస్తుంటే వెనక సీట్లో మామయ్య గారు ఎండ ఎక్కువగా ఉందని సణుగుతున్నారు. నేను ఏసీ పెంచాను.

సరిగ్గా అప్పుడే పెద్ద సినిమా వచ్చింది. విమానంలో వెళ్లాల్సినంత దూరంలో, ఫ్రిస్కోలో ఉండే ఒకాయనకి ఆ మొదటి సినిమా నచ్చి, అదే కథని పూర్తి సినిమాగా తీద్దాం, ఎంతైనా పెడతానన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడా? ఈ టైమ్‌లోనా? మీ నాన్నని చూడు ముందు" అని అరిచాను.

"చూస్తున్నాను కాబట్టే తీస్తున్నా" అన్నాడు. "ఆయన అది చూసి, ఇది నేనే కదరా అనాలి. ఆ మాట అనగలిగే రోజులు అయిపోకముందే తీసెయ్యాలి. నాకింకేం వద్దు."

మర్నాడే మామయ్య గారిని చూసుకునే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఫ్రిస్కోలో ఒక పెద్ద ఇల్లు తీసుకున్నారు. వాకిట్లో ట్రక్కులు, ఇంటి నిండా వైర్లు. తండ్రి పాత్రకి హైదరాబాద్ నుంచి ఒక పేరున్న నటుడు వచ్చాడు. మామయ్య గారిని స్నేహితుల ఇంట్లో ఉంచి, పగలు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి, నేనూ వారం రోజులు సెట్‌లో ఉన్నాను. చేయడానికి నాకక్కడ పనేం లేదు. ఏసీ ఆపాలా వద్దా అని ఎవరూ నన్ను అడగలేదు, దానికి వేరే మనిషున్నాడు. ఫ్రిజ్ కూడా నిజంది కాదు. కెమెరా పట్టాల మీద జారేది, పైకి లేచేది, ఏం కావాలంటే అది చేసేది. మొదటి రెండు రోజులు మా ఆయన కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మూడో రోజు అన్నీ తీయించేసి, "కిందకి దించండి, ఇంకా కిందకి" అన్నాడు. కెమెరామన్ చిరాకుపడి, "ఈ హైట్ ఏంటి సార్, నిలబడ్డ మనిషిదీ కాదు, కూర్చున్న మనిషిదీ కాదు?" అన్నాడు. బియ్యం బస్తాదని మా ఆయన చెప్పలేదు.

చివరి సీన్ రోజున ఆ నటుడు మాట గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు. మా ఆయన మధ్యలో ఆగమన్నాడు. పాపం ఆయన పెద్దమనిషి, మర్యాదగానే అడిగాడు. "ఆగుతాను బాబూ. కానీ ఎందుకు ఆగుతున్నాడు ఈయన? కోపమా, అభిమానమా? అది తెలిస్తే కదా నేను చేసేది."

మా ఆయన దగ్గరికి వెళ్లి అన్నాడు. "మాట కోసం వెతుకుతున్నారండీ. నోటి దాకా వచ్చిన మాట పోయింది. ఎవరైనా అందిస్తారేమో అని చూస్తున్నారు."

ఆ నటుడు చేశాడు. అచ్చం మామయ్య గారిలాగే పెదవి కదిపి, మెల్లగా పక్కకి చూశాడు. ఆ పక్కన లైట్ స్టాండ్ తప్ప ఎవరూ లేరు. నేను దూరంగా నిలబడి నా నోరు నేను నొక్కిపట్టుకున్నాను. మా ఆయన నోరు 'వన్' అన్నట్టు తెరుచుకుంది. పక్కనున్న మేనేజర్ గడియారం చూశాడు. అక్కడ వన్ మోర్ అంటే అంతమంది జీతాలు. మా ఆయన "ఓకే" అని, ట్రక్కు వెనక్కి వెళ్లి ఏడ్చాడు.

ఆ తర్వాత ఎడిటింగ్ కోసం పరుగో పరుగు. సినిమా తయారవుతుంటే మామయ్య గారు ఒక్కొక్కటే వదిలేసుకుంటూ వచ్చారు. ముందు వారాల పేర్లు పోయాయి, తర్వాత అత్తయ్య పోయిన సంగతి పోయింది. ఒకరోజు పొద్దున కాఫీ ఇస్తుంటే నాతో రహస్యంగా, "అమ్మాయ్, ఆ కుర్రాడెవరు? రోజూ మనింటికి వస్తాడు, పాపం మంచివాడిలా ఉన్నాడు" అన్నారు. మా ఆయన మెట్ల మీదే ఉన్నాడు, విన్నాడు. షూస్ వేసుకుని ఆఫీస్‌కి వెళ్లిపోయాడు. ఆలస్యమైపోయిందని మా ఇద్దరికీ తెలిసింది. అయినా పని ఆపలేదు.

చాండ్లర్‌లోనే, మాకు తెలిసినవాళ్ల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో సినిమా వేశారు. మామయ్య గారికి ఇస్త్రీ చొక్కా వేసి, మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టాం. ఆయన తెర వంక చూశారు, సీట్ల వంక చూశారు, నా గాజులు తిప్పుతూ కూర్చున్నారు. మా ఆయన సినిమా చూడలేదు. తండ్రి మొహమే చూస్తున్నాడు. గదులన్నీ చూపించడం అయింది. ఇది నేనే కదరా అన్న మాట రాలేదు.

చివరి సీన్ వచ్చింది. తెర మీద ఆ నటుడు హాల్లో నిలబడ్డాడు. "ఇల్లు బావుందిరా" అన్నాడు. ఆగాడు.

నా గాజులు తిప్పుతున్న చెయ్యి ఆగింది. మామయ్య గారు మెల్లగా నావైపు తిరిగారు. అదే బెరుకు, అదే బతిమాలడం. ఆ చూపు చూసి ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు చెమ్మగిల్లిపోయి ఏమీ కనపడలేదు గానీ మాట మర్చిపోలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి అందించాను. ఆయన వెంటనే అటు తిరిగి, నిటారుగా కూర్చుని, ఆ నటుడికంటే ముందే, వెనక బెంచీ దాకా వినపడేట్టు అన్నారు.

"ఇందులో నా గది ఏది?"

ముందు వరుసల వాళ్లు వెనక్కి తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మామయ్య గారికి అదేమీ పట్టలేదు. రెండో పక్కకి తిరిగి, ఎవరని నన్నడిగిన ఆ కుర్రాడి మొహంలోకి చూసి, ఆట పట్టిస్తున్నట్టు నవ్వారు.

"ఓకేనా, డైరెక్టర్ గారూ?"

మా ఆయన వంగి, తండ్రి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. తెర మీద కథ అయిపోయి పేర్లు పడుతున్నాయి.

"వన్ మోర్, నాన్నా" అన్నాడు.

మామయ్య గారు సరేనని తలూపి, చొక్కా కాలర్ సర్దుకుని, మాట కోసం నావైపు తిరిగారు.