మెయిల్ లేని వరుస

ఒట్టు వేయను. మా చర్చిలో ఒట్లు పెట్టుకోవద్దంటారు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. కాబట్టి మామూలుగానే చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి నేను తాగింది చర్చి టీ మాత్రమే. అది తాగితే భ్రమలు రావు. కొంచెం గుండెమంట వస్తుంది.

ముందు పని సంగతి చెప్పాలి. పద్మారావు నగర్‌లోని మా చర్చికి ప్రార్థన మనవులు ఈమెయిల్‌లో వస్తాయి. ఆపరేషన్లు, పరీక్షలు, కుదరని సంబంధాలు. ఒకాయన మాత్రం ప్రతి నెలా తన మేనేజర్ గురించే రాస్తాడు. నెలకోసారి శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్‌లో వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పైకి చదివి ప్రార్థిస్తారు. ఏదీ వదలకూడదు. రిటైరైన సునంద టీచర్ ఏళ్ల తరబడి ఒక్కో మెయిల్ తెరిచి, చూసి, ఎక్సెల్ షీట్‌లో టైప్ చేసేవారు. తర్వాత కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఒకసారి ఒక మనవి కంటపడక వదిలేశారు. ఆ ఇంట్లో మంచి జరగలేదు. తనవల్లే అనుకున్నారావిడ. ఇంకా అనుకుంటున్నారు.

అందుకని నేనొక ప్రోగ్రామ్ రాసిచ్చాను. మెయిల్ రాగానే అదే తెరుస్తుంది. పంపినవారి పేరు ఒక గడిలో, సమయం ఒక గడిలో, విషయం ఒక గడిలో పెడుతుంది. ఆ షీట్ ప్రొజెక్టర్ మీద అందరికీ కనిపిస్తుంది. టైపింగ్ లేదు, మరపు లేదు. నేను గొప్ప ప్రోగ్రామర్నని చెప్పుకోను. మా ఆఫీసులో కూడా ఎవరూ చెప్పరు. కానీ అది చాలా చిన్న ప్రోగ్రామ్. దెయ్యం దూరేంత చోటు అందులో లేదు. మెయిల్ వస్తేనే షీట్‌లో వరుస వస్తుంది. మెయిల్ లేకపోతే వరుస లేదు.

ఆ శుక్రవారం అర్ధరాత్రి దాటింది. పాటలు అయిపోయాయి. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. కొందరు ఆ భంగిమలోనే నిద్రపోతున్నారు. తప్పు పట్టను, ఆ విద్య నాకూ వచ్చు. నేను వెనక బల్ల దగ్గర, లాప్‌టాప్ ముందు. ప్రొజెక్టర్ లోపలి ఫ్యాన్ సన్నగా గుయ్‌మంటోంది...

తెర మీద కొత్త వరుస వచ్చింది.

పేరు... ఖాళీ.

సమయం... ఖాళీ.

విషయం గడిలో మాత్రం ఇలా ఉంది: మోహన్ కోసం. పొయ్యి మీద పాలున్నాయి. లేవలేకపోతున్నాడు.

ఇన్‌బాక్స్ తెరిచాను. కొత్త మెయిల్ లేదు. స్పామ్ చూశాను. చెత్తబుట్ట చూశాను. ఏమీ లేదు. తలెత్తేసరికి హాల్లో ప్రార్థన ఆగిపోయింది. సునంద టీచర్ లేచి నిలబడి, కళ్లు చికిలించి, తెర మీది అక్షరాలను కూడబలుక్కుంటున్నారు.

మోహన్ ఆవిడ తమ్ముడు. ఆర్మీలో రిటైరై సైనిక్‌పురిలో ఒక్కడే ఉంటాడు. రాత్రి పాలు తాగనిదే పడుకోడు. చర్చికి రాడు. పార్కింగ్ గొడవల పుణ్యమా అని పక్కింటివాళ్లెవరితోనూ మాటల్లేవు.

"సుధీర్, ఇది ఎవరు పంపిన్రు?" అన్నారు టీచర్.

ఎవరూ పంపలేదన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత పనికిమాలిన వివరణ ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేశారు. మోగింది... మోగింది... ఆగిపోయింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే. ఎవరో ఆకతాయి పనేమో, తెల్లారాక చూద్దామా అని నసిగాను.

"ఒకటి వదిలేసిన. ఇంకొకటి వదల. బండి తియ్యి."

తీశాను. ఖాళీ రోడ్డు మీద అరగంట ప్రయాణం. టీచర్ నా భుజం పట్టుకుని కూర్చున్నారు. దారంతా ఆవిడ వేళ్లు బిగుసుకుంటూ వచ్చాయి.

ఇంటి తలుపు వేసి ఉంది. లోపల టీవీ మోగుతోంది. బెల్ కొట్టాం. పలకలేదు. టీచర్ బ్యాగులోంచి తాళంచెవి తీశారు. అది తన దగ్గరున్నట్టు తమ్ముడికి తెలియదట. అక్కలు అంతే.

తలుపు తెరిచాం. వాసన...

నా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి వెళ్లింది. టీచర్ నా మణికట్టు పట్టేసుకున్నారు.

"లైట్ ఎయ్యకు."

ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. వంటింట్లోంచి సన్నగా వినిపిస్తోంది. స్‌స్‌స్... దాని మధ్యలో ఇంకో చప్పుడు. టప్... టప్...

టీవీ వెలుగు వంటింటి గుమ్మం దాకా పడుతోంది. మోహన్ అంకుల్ నేల మీద ఉన్నాడు. ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. పొయ్యి వైపు చెయ్యి చాస్తున్నాడు, అందడం లేదు. టీచర్ ఆయన్ని దాటుకుని వెళ్లి గ్యాస్ కట్టేశారు. నేను కిటికీలు తెరిచాను. స్‌స్‌స్ ఆగింది. టప్... ఆగలేదు.

ఆయన్ని పట్టుకుందామని పక్కన కూలబడ్డాను. చెయ్యి తడిలో పడింది.

పాలు.

గట్టు మీంచి ఇంకా కారుతున్నాయి... వేడిగా ఉన్నాయి. చెయ్యి చురుక్కుమంది.

అరగంట దాటింది మేం బయల్దేరి. పొంగిన పాలు అంతసేపు అంత వేడిగా ఉండవు. అది తెలియడానికి నా చదువు కూడా అక్కర్లేదు.

"అక్కా, ఇంత జల్ది ఎట్లొచ్చినవ్?" అన్నాడాయన, పంటి బిగువున. "ఇప్పుడే గదా పడ్డ."

"ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"పాత మ్యాచ్ వస్తుంటే చూస్తున్న. గప్పుడు మంచిగనే ఉన్న. పాలు సుత పెట్టలే."

టీచర్ నా వైపు చూశారు. నేను పాల వైపు చూశాను.

తర్వాత అంబులెన్స్, తుంటి ఎముకకు ఆపరేషన్, చేతికర్ర. ఇప్పుడు ఆయన బాగానే ఉన్నాడు. పార్కింగ్ గొడవల్లో చేతికర్ర బాగా ఉపయోగపడుతోందట.

నేను మాత్రం ఆ ప్రోగ్రామ్‌ను అక్షరం అక్షరం చూశాను. ఆఫీసులో నాకంటే తెలివైనవాళ్లకు చూపించాను. వాళ్లకు కొదవ లేదు. తప్పు లేదన్నారు. షీట్‌లో మార్పుల చరిత్ర చూస్తే, ఆ వరుస రాసింది నా ప్రోగ్రామే అని ఉంది. ఏ మెయిల్ చూసి రాసిందో లేదు. నేనే నిద్రమత్తులో టైప్ చేసి ఉంటానని ఒక మిత్రుడు తేల్చాడు. మెలకువలోనే నేను తప్పుల్లేకుండా టైప్ చేయను. పైగా ఆయన పడబోతున్నట్టు నాకెవరు చెప్పారు?

మెయిల్ లేకుండా వచ్చే వరుసను తోసెయ్యమని ఒక్క వాక్యం చేరిస్తే సరి. ఇక అలా ఎప్పటికీ జరగదు. అది నేను కచ్చితంగా చెయ్యగలను. ఆ మాటే టీచర్‌తో అన్నాను, చేర్చమంటారా అని.

ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు.

"చేరిస్తే... పంపెటోళ్లకు తెలుస్తదా, మనం మూసేసినట్టు?"

రెండు నిమిషాల పని అది.

ఇంకా చెయ్యలేదు.