మా అమ్మ గొంతును నమ్మిన రజియాక్క

నిన్న పొద్దున గ్రూపుల మెసేజ్ చూసి తప్పు ఫార్వర్డ్ అనుకున్న.

రజియాక్కకు ఫోన్ చేస్తే ఆమె తమ్ముడు ఎత్తిండు. "అవ్ అన్నా. గుండెపోటు. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది."

రజియాక్క లేదు.

అదే మెసేజ్ కింద ఒకాయన అడిగిండు: "ఎవరు, భద్రాచలంల మనసు బాగలేనోళ్లతో ముచ్చట్లు పెట్టే ఆ కౌన్సెలింగ్ అమ్మనా?"

అవ్. ఆమెనే. ఆ ముచ్చట్లు ఏం చేసినయో చెప్త, చదువు.

మా చిన్నమ్మ చచ్చిపోయిన ఏడాది మా అమ్మకు గొంతు పట్టింది. ముద్ద దిగదు. నీళ్లు గూడ ఆగి ఆగి దిగేటివి. ఖమ్మంల ఎండోస్కోపీ, స్కానింగ్, రక్త పరీక్షలు. అన్నీ నార్మల్.

రిపోర్టు నార్మల్ అంటే మా ఊర్ల రెండే అర్థాలు. నాటకమన్నా ఆడాలె, లేకపోతే ఎవరో అన్నంల మందు పెట్టి ఉండాలె.

అన్నం వండేది నా భార్య సుజాత.

మందు కక్కించే ఆయన దగ్గరికి తీస్కపోయినం. ఏదో పసరు తాగించిండు. అమ్మ కక్కింది. అందుల నల్లటి ఉండ ఒకటి చూపించి, "ఇంటి ఆడమనిషి పనే" అన్నడు.

ఆ రోజే సుజాత పుట్టింటికి పోయింది. మందు పెట్టలేదని కులపెద్దలు ఆమెతో తడిబట్టల మీద ప్రమాణం చేయిద్దామన్నరు.

ఆ నడుమనే ఖమ్మం డాక్టర్ మమ్మల్ని రజియాక్క దగ్గరికి పంపిండు. కూసోంగనే అమ్మ అన్నది, "నాకు పిచ్చి లేదు బిడ్డా."

"ఎవరన్నరమ్మా? గొంతు పట్టింది గదా, దాని సంగతి చెప్పు."

"రిపోర్టుల ఏం లేదంటున్నరు."

"మింగేది నువ్వా, రిపోర్టా?"

చాన్నాళ్లకు మా అమ్మ నవ్వింది.

మందు కక్కించిన సంగతి చెప్తే అక్క ఎక్కిరియ్యలే. "కక్కినంక ముద్ద దిగిందా?" అని అడిగింది.

"ఒకట్రెండు దినాలు మంచిగ దిగింది. మల్ల పట్టింది."

"మల్ల పట్టిన్నాడు వండింది ఎవరమ్మా?"

"నేనే. అది పుట్టింట్ల ఉన్నది గదా..."

అక్క ఆ మాటను పొడిగించలే. వేరే ముచ్చట తీసింది.

చాలా సార్లు పోయినంక చిన్నమ్మ పేరు వచ్చింది. చెల్లె పెద్దకర్మ నాడు అందరికీ వడ్డించింది మా అమ్మనే. ఆ దినం ఆమె తిన్నదా అని అడిగినోళ్లు లేరు. ఇంట్ల ఉన్న మాకే తెల్వదు. అక్క అడిగితే తెలిసింది, ఆ దినం అమ్మ తినలే, ఏడ్వను గూడ ఏడ్వలేదని.

రోగం మాయమైందని అబద్ధం చెప్ప. మనసు బాగలేని దినం ఇప్పటికీ గొంతు పడ్తది. కాని తింటది.

సుజాతను తీస్కరానికి అమ్మనే బస్సెక్కి వేంసూరు పోయింది. ప్రమాణం సంగతేందని పెద్దలు అడిగితే ఒకటే మాట. "గొంతు నాది, కోడలు నాది. నడుమ మీరేంది?"

మాటలతో రోగం పోతదా అని నవ్వేటోళ్లు నవ్వుండ్రి. మాటలతో ఒక ఆడదాన్ని ఇంట్లకెళ్లి వెళ్లగొట్టింది మనమే గదా. అప్పుడు మాటలకు బలం ఉన్నదని అందరం నమ్మినం.

నిన్న అమ్మ, సుజాత కలిసి అక్క ఇంటికి పోయిండ్రు. అమ్మ బొబ్బలు పెట్టి ఏడ్చింది. ఎవరో "ఊకో పెద్దమ్మా, పానం బాగుండదు" అన్నరు.

సుజాత అడ్డం వచ్చింది. "ఏడ్వనియ్యుండ్రి."

పోయిరా అక్కా. ఎవరూ నమ్మని నొప్పులన్నీ నువ్వు విన్నవు. ఇగ నీకు నిమ్మళం దొరకాలె.