ఇరవై ఎనిమిదా, ఇరవై రెండా

మొన్న ఉల్లిపాయ ముక్కల్లో పోద్దామని వెనిగర్ సీసా మూత తీశాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే పిడుగురాళ్ల పక్కనున్న మా ఊరి ఇంటి వసారా గుర్తొచ్చింది. ఎనభైల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక దసరా సెలవులంతా ఆ వసారాలో ఇదే వాసన. నాన్న చెల్లెలు సుజాతత్త ఎమ్మెస్సీ చదువుతూ, కాలేజీ మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుని, సాలెపురుగుల క్రోమోజోములు లెక్కపెడుతుండేది.

పొద్దున్నే అరిసెల పాకం వాసన వంటింట్లోంచి వస్తుంటే, అత్త మైక్రోస్కోపు కింది అద్దాన్ని ఎండకు తిప్పి, గాజుపలక మీద సాలెపురుగు పొట్టలోంచి తీసిన ఆవగింజంత ముక్క పెట్టి, వెనిగర్ వాసనేసే ఎర్రరంగు చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ల, దానిమీద సిరా అద్దే కాగితం పరిచి బొటనవేలితో అదిమేది. లోపలికి చూస్తే, ఒక కణం రెండవుతూ ఆగిపోయినట్టు, తుంచిన దారప్పోగుల్లాంటి క్రోమోజోములు చెరో పక్కకూ జరిగి కనిపించేవి. మా మిరపచేలో పరుగెత్తే బూడిదరంగు సాలెపురుగుల్లో, మొహం ముందు రెండు చిన్న బుడిపెలు ఉబ్బిన మగవాటిని పట్టి తేవడం నా పని. తెచ్చిన రోజు ఒకసారి చూడనిచ్చేది. ఆ ఒక్కసారికోసం పొద్దుటి చద్దన్నం కూడా మానేసేదాన్ని.

తాతయ్యకు ఇదంతా నచ్చేది కాదు. "ఈ సెలవుల్లో నీ లెక్క తేలాల. తేలకపోతే మళ్లా హాస్టలు మాటెత్తమాక" అని అత్తతో అన్నాడు.

మొదటి వారం ప్రతి పలకలోనూ లెక్క ఇరవై ఎనిమిదే వచ్చింది. అంతలో మా చేనుకు పురుగుమందు కొట్టారు. నేను వెళ్లేసరికి సాలెపురుగులన్నీ కాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడున్నాయి. ఆ మాట చెబితే ఇక చూడనివ్వదని భయమేసింది. సున్నపుబట్టీ వెనక రాళ్లకింద అలాంటివే దొరికితే సీసాలో వేసుకొచ్చి, "మన చేలోయే అత్తా" అన్నాను. అంత గడుసుదాన్ని.

వాటిలో ఇరవై రెండే వచ్చాయి. అత్త మళ్లీ పలక చేసింది, మళ్లీ అదిమింది, కళ్లు ఎర్రబడేదాకా చూసింది. "ఏమే, నిజంగా మన చేలోయేనా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. సెలవులు అయిపోయాయి, లెక్క తేలలేదు. "నా చేతిలోనే ఏందో లోపముంది" అంటూ మైక్రోస్కోపు పెట్టెలో సర్దింది. తాతయ్య తన మాట మీదే నిలబడ్డాడు, అత్త చదువు అక్కడితో ఆగింది.

తర్వాత నేనే జీవశాస్త్రం పాఠాలు చెప్పుకునేదాన్నయ్యాను. సాలెపురుగుల్లో జాతికో లెక్క ఉంటుందని చదివి, బట్టీ వెనకవి వేరే జాతివని అర్థమైన రోజు అన్నం సయించలేదు. అయినా నోరు విప్పలేదు. సిగ్గు.

మొన్న వెనిగర్ వాసనకు ఇక ఆగలేక నరసరావుపేట బస్సెక్కాను. అత్త వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. పురుగుమందు, బట్టీ రాళ్లు, రెండుసార్లు ఆడిన అబద్ధం. ఆ బట్టీ ఇప్పుడు లేదు, ఆ రాళ్లూ లేవు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అత్త చేతిలో కాయకు తొడిమ తుంచి పక్కన పెట్టింది.

"అయితే నేను సరిగ్గానే లెక్కబెట్టానన్నమాట" అంది.